30 వేల మాటలు... గుప్పెడు చోటు!

కంప్యూటర్లో ఇంగ్లిష్ ఉత్తరం టైపు చేస్తుంటే తప్పుపడిన మాట కింద ఎర్రగీత ప్రత్యక్షమవుతుంది. అంటే నిఘంటువంతా మెమరీలో ఉండాలిగా! ఇప్పుడంటే గిగాబైట్లున్నాయి. 1970ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ కంప్యూటర్లో ప్రోగ్రాముకి దక్కిన చోటు 64 కిలోబైట్లే. 30 వేల మాటలు అందులో పట్టేదెలా?

డగ్లస్ మెకిల్‌రాయ్ ముందు మాటల తోకలు కత్తిరించాడు. మూలపదాన్ని ఉంచి, ప్రత్యయాలను సూత్రాలుగా రాశాడు. తర్వాత ఒక్కో మాటనూ ఓ సంఖ్యగా మార్చి, వరసగా పేర్చి, పక్కపక్క సంఖ్యల మధ్య తేడానే దాచాడు. మాటకు 14 బిట్లు సరిపోయాయి. రెండు ఇంగ్లిష్ అక్షరాలకు పట్టే చోటుకన్నా తక్కువ! కాకపోతే తప్పు మాటకీ ఒప్పు మాటకీ ఒకే సంఖ్య రావచ్చు. అలా సుమారు 4 వేల తప్పుల్లో ఒకటి కళ్లుగప్పి జారిపోతుంది. చోటు కోసం ఆ నష్టానికి సిద్ధపడ్డారు.

తోకల కిటుకు మనకింకా అవసరం. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇళ్లకు, ఇళ్లలోంచి... ఇలా అన్నీ రాసుకుంటూపోతే జాబితాకి అంతుండదు. ఇలాంటి చిక్కే ఉన్న హంగేరియన్ కోసం లాస్లో నేమెత్ తయారుచేసిన 'హన్‌స్పెల్' కూడా మూలపదాలు, ప్రత్యయ సూత్రాలతోనే నడుస్తుంది. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్‌లలో తప్పులు పట్టేది అదే.

అన్నీ బట్టీపట్టక్కర్లేదు, వ్యాకరణం తెలిస్తే చాలు. తెలుగు మాస్టారు చెప్పిందీ ఇదేగా!