రాయబారానికీ ఒక ప్రయోగశాల



రసాయనశాస్త్రం చదివేవారికి ప్రయోగశాల ఉంటుంది. ఆమ్లానికి క్షారం కలిపితే ఏం జరుగుతుందో పుస్తకంలో చదివి ఊరుకోరు, బ్యూరెట్ పట్టుకుని స్వయంగా చేసి చూస్తారు. పొరపాటు జరిగితే ఆ ద్రావణాన్ని పారబోసి మళ్లీ మొదలుపెడతారు. మరి దేశాల మధ్య సంబంధాలను చదివే విద్యార్థి ఏం చేయాలి? రెండు దేశాలకు తగవు పెట్టి ఫలితం ఎలా ఉంటుందో చూడలేడు కదా! అతని ప్రయోగశాల ఎక్కడ? ఈ ప్రశ్నకు విశ్వవిద్యాలయాల్లో దొరికిన జవాబే అంతర్జాతీయ సంబంధాల విద్యార్థి సంఘం. అదేమిటో, ఎలా పనిచేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

యుద్ధం నేర్పిన చదువు

ముందుగా ఈ శాస్త్రం పుట్టుకను చూద్దాం. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసింది. ఆ మరుసటి ఏడాదే, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాల బోధనకు ఒక ఆచార్య పీఠం ఏర్పడింది. ప్రపంచంలో ఇలాంటి పీఠాల్లో ఇదే మొదటిది. డేవిడ్ డేవిస్ అనే ప్రజాప్రతినిధి, ఆయన సోదరీమణులు దీనికి 20,000 పౌండ్ల విరాళమిచ్చారు. యుద్ధంలో నేలకొరిగిన ఆ విద్యాలయపు విద్యార్థుల స్మృతికి దానిని అంకితం చేశారు. అంటే తోటి విద్యార్థుల మరణంలోంచి ఈ చదువు పుట్టిందన్నమాట. మన దేశంలో 1955లో ఢిల్లీలో అంతర్జాతీయ అధ్యయనాల సంస్థ ప్రారంభమైంది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది.

అయితే ఉపన్యాసాలు విన్నంత మాత్రాన రాయబారం అలవడదు. అందుకే విద్యార్థులు తరగతి బయట సంఘాలుగా కూడారు. వక్తలను పిలవడం, వారం వారం వార్తలను చర్చించడం, పత్రిక నడపడం వీటి సాధారణ కార్యక్రమాలు. అన్నింటికన్నా ముఖ్యమైనది నమూనా సభ. 1927లో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు అప్పటి నానాజాతి సమితిని అనుకరిస్తూ ఒక సభ జరిపారు. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడ్డాక ఇవి దాని పేరుతో ప్రపంచమంతటా వ్యాపించాయి.

సభ ఎలా జరుగుతుంది?

ప్రతి విద్యార్థికీ ఒక దేశం కేటాయిస్తారు. అది అతని సొంత దేశం కానక్కరలేదు. అసలు కాకపోతేనే మంచిది. మొదట ఆ దేశం వైఖరిని ఒక పత్రంగా రాసుకుని రావాలి. తర్వాత వరుసగా ప్రసంగాలు, విరామంలో చిన్న చిన్న బృందాలుగా సంప్రదింపులు, ముసాయిదా తీర్మానం, సవరణలు, చివరికి ఓటింగ్ ఉంటాయి.

కృష్ణరాయబారం నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టిన నటుడు దుర్యోధనుడి వాదనే వినిపించాలి. అది తనకు నచ్చిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఇక్కడా అంతే. మనకు నచ్చని దేశం తరఫున నిలబడితే, దాని భయాలు, అవసరాలు లోపలినుంచి అర్థమవుతాయి.

ఒక ఉదాహరణ

ఓజోన్ పొర సమస్యను చర్చకు తీసుకుందాం. క్లోరోఫ్లోరోకార్బన్లు ఈ పొరను దెబ్బతీయగలవని మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. అంటార్కిటికాపై ఓజోన్ బాగా తగ్గిపోయిందని 1985లో వెల్లడైంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నా భారతదేశం వెంటనే అందులో చేరలేదు. ఎందుకు?

భారతదేశం స్థానంలో కూర్చున్న విద్యార్థి దీనికి జవాబు చెప్పాలి. ఈ రసాయనాలను ఎక్కువగా వాడింది సంపన్న దేశాలు. మన తలసరి వాడకం చాలా తక్కువ. కొత్త సాంకేతిక విద్యకయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఎదుటనున్న అమెరికా ప్రతినిధి కూడా ఊరుకోడు. వాడకం మీ దగ్గర పెరుగుతూ పోతే మేము తగ్గించి ప్రయోజనమేమిటని అడుగుతాడు. రెండు వాదనలలోనూ నిజముంది. చిక్కంతా అక్కడే!

అసలు చరిత్రలో ఈ ముడి 1990లో లండన్ సమావేశంలో సడలింది. వర్ధమాన దేశాల అదనపు ఖర్చుకు ఒక నిధి ఏర్పాటు చేయడానికి అంగీకారం కుదిరింది. 1992లో భారతదేశం ఒప్పందంలో చేరింది. 2009 నాటికి ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ చేరాయి. జబ్బేమిటో శాస్త్రం చెప్పింది, మందుకు డబ్బెవరివ్వాలో రాయబారం తేల్చింది. కనుక సైన్సు విద్యార్థులకూ ఈ సంఘంలో పని ఉంది.

నమూనాకు హద్దులు

కర్రలు, బంతులతో చేసిన అణువు నమూనా నిజమైన అణువు కాదు. అలాగే నమూనా సభలోని ప్రతినిధి వెనుక సైన్యం లేదు, ఓటర్లు లేరు, రాజధాని నుంచి వచ్చే ఆదేశాలు లేవు. ఇది మరచిపోకూడదు. ఇంకొక ప్రమాదమూ ఉంది. ఉత్తమ ప్రతినిధి బహుమతి కోసం గొంతు పెంచి, ఎదుటివారిని మాట్లాడనివ్వకుండా చేస్తే అది వక్తృత్వపు పోటీ అవుతుంది. ఎంతమందిని ఓడించామన్నది కాదు, ఎంతమందిని ఒక తీర్మానం వద్దకు తెచ్చామన్నదే ఇక్కడ కొలమానం.

మీ కళాశాలలో

ఇది పెద్ద నగరాల్లో, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారికే అనుకుని వెనుకంజ వేయకండి. ఐక్యరాజ్యసమితికే ఆరు అధికార భాషలున్నాయి. మీ సభను తెలుగులో జరుపుకోవడానికి అడ్డేముంది? ఒక గది, పదిహేనుమంది విద్యార్థులు, ఒక గ్రంథాలయం, సలహాకు ఒక అధ్యాపకుడు చాలు. భద్రతామండలిలోనూ సభ్యులు 15 మందే. అక్కడ తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి, అయిదు శాశ్వత సభ్యదేశాలలో ఏదీ వీటో చేయకూడదు. ఈ ఒక్క నియమంతో ఒక మధ్యాహ్నం సభ జరపండి. ఎనిమిది ఓట్లు వచ్చి తొమ్మిదోది రాక తీర్మానం ఆగిపోయినప్పుడు, వార్తల్లో చదివే ప్రతిష్టంభన అన్న మాటకు అర్థం మీకే తెలుస్తుంది.

చేసి చూడండి

1. మీకు ఏమాత్రం నచ్చని వైఖరి గల ఒక దేశాన్ని ఎంచుకోండి. దాని వాదనను, ఆ దేశస్థుడు చదివి ఒప్పుకునేలా, ఒక పేజీలో రాయండి.

2. మీ మిత్రుడు అదే అంశంపై ఎదుటి దేశం వాదన రాస్తాడు. రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ సంతకం చేయగలిగిన ఒక్క వాక్యం కోసం వెతకండి. అది దొరికితే మీ సంఘం మొదలైనట్లే.