వాన వెలిసినా కొండలో ఊట ఎందుకు ఆగదు?

వానలు వెలిసి వారాలు గడిచినా శేషాచలం అడవుల్లో కొన్ని రాతి సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తిరుమల కొండ పైభాగాన ఉన్నది క్వార్ట్‌జైట్. గట్టి రాయే, కానీ పగుళ్లెక్కువ. వాన నీరు వాటిలోకి దిగుతుంది. పగుళ్లు తక్కువున్న రాయి అడ్డొస్తే పక్కకు మళ్లి, కొండవాలున బయటపడుతుంది. క్వార్ట్‌జైట్ కింద అంతకంటే ఎంతో పాతదైన గ్రానైట్ ఉంది. ఆ రెండూ కలిసే గీత తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపిస్తుంది, చూసి తీరాల్సిందే!

రాయే వడకడుతుంది కదా, నేరుగా తాగితే ఏం అంటారా? ఇసుక పొరలో నీరు మెల్లగా ఇంకుతుంది, మలినాలు అక్కడే చిక్కుకుంటాయి. వెడల్పాటి పగుళ్లలో అది వేగంగా జారిపోతుంది. పైన జంతువులు వేసిన పేడలోని సూక్ష్మక్రిములూ దానితోనే రావచ్చు. తేటగా ఉన్నంత మాత్రాన అవి లేవనుకోలేం. అందుకే మడుగులో కాక, ఊట నోటి దగ్గరే పట్టుకుని, తెర్లేదాకా కాచి తాగాలి.