తాళపత్రప్రతుల తరలింపు

తాళపత్రగ్రంథమునందు ముందుగా చెడునది తఱచుగా చివరి కమ్మ. కట్టకు వెలుపలనుండుటచే త్రాటి ఒరపిడి, చెక్క ఒత్తిడి, చేతి చెమట దానిమీదనే పడును. పరిశోధకునకు మిక్కిలి కావలసిన సమాచారమును ఆ కమ్మమీదనే యుండును. గ్రంథము ముగిసిన పిమ్మట లేఖకుడు తన పేరు, ఊరు, ప్రతి యెవరికొఱకు వ్రాయబడినది, ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ తిథినాడు, ఏ వారమున పూర్తియైనది చెప్పుకొనునది అచటనే. శకవర్షము చెప్పక ప్రభవాది సంవత్సరనామముతోనే సరిపెట్టిన లేఖకులు పెక్కుమంది. ప్రభవ యని మాత్రమే మిగిలినచో అది 1747 కావచ్చును, 1807 కావచ్చును, 1867 కావచ్చును. తిథితోపాటు వారము గూడ నిలిచియున్నచో గణితము చేసి వీనిలో నొకదానిని చాలవఱకు నిర్ణయింపవచ్చును. అనగా కమ్మ కొనయందలి మూడునాలుగక్షరములు విఱిగిపోయినచో ప్రతి కాలము అరువదియేండ్లు అటునిటు ఊగులాడును. కనుక ప్రతులను కట్టుట, మోయుట గ్రంథాలయపు నౌకరుల పని యని పరిష్కర్తలు తలచుట పొరపాటు.

తెలుగు ప్రతులు తిరిగినంత దూరము తెలుగు పండితులు తిరుగలేదేమో. కర్నల్ మెకంజీ 1821లో మరణించిన తరువాత అతని సేకరణమును ఈస్టిండియా కంపెనీ కొనెను. అందు కొంత లండనుకు చేరెను. కొంత 1828లో మద్రాసునకు వచ్చెను. కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు ప్రతులను సి. పి. బ్రౌన్ 1830ల దశకములో లండనులో చూచి, వానిని మద్రాసునకు మరల రప్పించుటకు పాటుపడెను. మద్రాసులో 1911లో పుట్టిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తన ప్రతులతో కాకినాడకు తరలినది. ఇప్పుడు ప్రయాణములు మఱింత పెరిగినవి. 2003లో నేషనల్ మిషన్ ఫర్ మాన్యుస్క్రిప్ట్స్ ఏర్పడిన పిమ్మట ఇండ్లలోని కట్టలు బయటికి వచ్చుట, ఛాయాచిత్రములకై కేంద్రములకు పోవుట, ప్రదర్శనలకెక్కుట సాధారణమైనది. నూఱేండ్లు అటకమీద కదలక యున్న కట్టకు ఒక్క ప్రయాణమే ప్రాణాంతకము కావచ్చును. చెదలను నిందించుట సులభము. తొందరపాటు చేయు కీడు లెక్కకు రాదు.

కమ్మ స్వభావము తెలియనిదే దానిని కట్టుట తెలియదు. శ్రీతాళపు ఆకు పలుచన, మెత్తన. వంగినను వెంటనే విఱుగదు. తాటియాకు దళసరి, ఎండినకొలది పెళుసెక్కి పొరలు లేచును. ఆంధ్ర, తమిళ, కేరళ, ఉత్కళ దేశములలో గంటముతో గీచి, పిమ్మట మసి పూయుదురు. అందుచే తడి తగిలి మసి పోయినను గీత నిలుచును. నేపాల, వంగదేశపు తాళపత్రములు చాలవఱకు కలముతో సిరా వ్రాతలు. వానికి తడి తగిలినచో అక్షరమే పోవును. దక్షిణపు ప్రతులను తుడుచుటకు అలవాటుపడిన చేతులు ఉత్తరపు ప్రతి దొరకినప్పుడు ఈ భేదము మఱువరాదు. ప్రతిని తాకుటకు శుభ్రమైన, తడిలేని వట్టిచేతులే మేలు. నూలు చేదొడుగులు కమ్మల చీలిన అంచులకు తగులుకొని పీకును. తామ్రశాసనముల విషయము వేఱు; చేతి ఉప్పు లోహమును తినును గనుక వానికి చేదొడుగులు కావలెను.

తరలింపునకు పూర్వము చేయవలసినది లెక్క. కట్టలో కమ్మలెన్ని, అంకె లెక్కడనుండి యెక్కడికి, నడుమ ఏవి లేవు, విఱిగినవెవ్వి యని వ్రాసికొని, రెండు ప్రక్కల ఛాయాచిత్రములు తీయవలెను. తెలుగు ప్రతులలో పత్రసంఖ్య సాధారణముగా ఎడమ అంచున నుండును. అంచు రాలినచో ముందుగా పోవునది ఆ సంఖ్యయే. అటుపై కమ్మల క్రమమును పాఠమునుబట్టి ఊహింపవలసివచ్చును. కమ్మలు తాఱుమాఱైయున్నచో పంపువాడు వానిని సరిదిద్దరాదు, ఉన్నట్లు వ్రాయవలెను. ఒకే కట్టలో శతకము, వైద్యము, పద్దుల లెక్కలు కలిసియున్నను విడదీయరాదు. ఆ ఇంటివారు ఏ గ్రంథములను కలిపి ఉంచుకొనిరో, ఏవి కలిపి చదివిరో తెలుపు సాక్ష్యమొక్కటే. అది ఆ కట్టయే. లిపి తెలియనివారి చేతికి పోవు కట్టలో కమ్మలు తలక్రిందులుగా ఎక్కుట సహజము. తెలుగు ప్రతులు తంజావూరు, మైసూరు, చెన్నై భాండారములలోను కలవు గనుక ఇది ఊహామాత్రము కాదు. పైవైపు ఏదో తెలుపు చీటీని చెక్కకు కట్టిన దారమునకు తగిలింపవలెను. కమ్మమీద వ్రాయుట గాని అంటించుట గాని తగదు.

ఇక కట్టు. చదువునప్పుడు త్రాడు వదులుగా నుండవలెను. లేనిచో కమ్మ త్రిప్పినప్పుడెల్ల రంధ్రము కోసికొని చుట్టునున్న అక్షరములను తినును. ప్రయాణమునకు మాత్రము వదులు పనికిరాదు. బండి కుదుపునకు కమ్మలు ఒకదానిపైనొకటి రాచుకొని అంచులు పొడియగును. కమ్మలు కదలక నిలుచునంతగా మాత్రమే బిగించి, త్రాటిని చెక్కలమీదనుండి చుట్టవలెను. ఒట్టి కమ్మమీద చుట్టిన త్రాడు కత్తివలె దిగును. చెక్కలు కమ్మకంటె అన్నివైపుల కొంచెము పెద్దవై యుండుట ముఖ్యము. పొట్టిచెక్కల నడుమనుండి పొడుచుకొనివచ్చిన కొనలే పెట్టె గోడకు తగిలి విఱుగును; మొదట చెప్పిన వారము పేరు పోవునది ఆ విధముగనే. పాతచెక్కలు పొట్టివైనచో వానిని పారవేయక కట్టతోనే ఉంచి, పైన ఆమ్లరహితమైన గట్టి అట్టలు చేర్పవచ్చును. రబ్బరు పట్టీలు, గుండుసూదులు, జిగురుపట్టీలు ఎంతమాత్రమును కూడవు.

కట్టను ఉతికిన ముతకనూలు గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టవలెను. నిలువుగా నిలిపినచో బరువంతయు క్రింది అంచుమీద పడును. కట్టల నడుమ మెత్తలు కదలకుండునట్లు అమరవలెను గాని అదిమి కూరరాదు. వరిగడ్డితోను, వార్తాపత్రికలతోను నింపుట పాత అలవాటు. గడ్డి పురుగును, తేమను తెచ్చును, చవుకకాగితము ఆమ్లమును తెచ్చును. వాననుండి కాపాడుటకు పాలిథీను పెట్టెకు వెలుపల చుట్టవచ్చును. కట్టనే దానిలో మూసినచో లోని తేమ చలిలో నీరై కమ్మలమీదనే దిగును. పెట్టె మూతకు మేకులు కొట్టక మరమేకులు బిగింపవలెను. మూసినప్పుడొకసారి, తెఱచినప్పుడొకసారి సుత్తిదెబ్బలు తిన్న ప్రతి దారిలోని కుదుపులకంటె ఎక్కువ బాధపడును. తామ్రశాసనములను తాళపత్రములతో ఒకే పెట్టెలో పెట్టుటయు కలదు. అది బండరాతిని అప్పడములతో మూటగట్టుట వంటిది. శాసనపు కడియమును సులువుకొఱకు కోయరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. రేకులు అసలు క్రమముననే యున్నవనుటకు కోయని కడియము, ముద్ర ఆధారములు. అందుచేతనే శాసనసంపాదకులు తమ చేతికి వచ్చునప్పటికే కడియము కోయబడియుండెనా యని ప్రత్యేకముగా వ్రాయుదురు.

గమ్యము చేరినంతనే పెట్టెను తెఱచుట స్వాభావికమైన ఆత్రము. కాకినాడ సముద్రపుగాలిలో పెరిగిన ఆకు ఢిల్లీ వేసవిగాలి తగిలినంతనే ముడుచుకొనును, అంచులు పైకి లేచును. కనీసమొక దినము మూసియుంచి, గది వాతావరణమునకు పెట్టెను మెల్లగా అలవాటు చేసిన పిమ్మట తెఱవవలెను. వచ్చిన కట్టను పురుగుపరీక్ష ముగియువఱకు పాత ప్రతులకు దూరముగా వేఱుగదిలో నుంచుట మఱియొక జాగ్రత్త.

విప్పునప్పుడు బల్లపై తెల్లగుడ్డ పఱచి, పంపినవారి లెక్కతో కమ్మ కమ్మను సరిచూడవలెను. రాలిన తునక ఎంత చిన్నదైనను, ఏ కమ్మ దగ్గఱ దొరకినదో ఆ సంఖ్యతో కాగితపు పొట్లములో వేయవలెను. లెక్క కుదురువఱకు పెట్టె నూడ్చరాదు, చుట్టిన గుడ్డను దులుపరాదు, మెత్తలను పారవేయరాదు. ఆవగింజంత తునకపై ఒక దీర్ఘమో, ఒక అంకెయో మిగిలియుండవచ్చును. ఏ కమ్మదో తెలియని తునకలను వేఱొక పొట్లములో కట్టి, దొరకిన దినమును పైన వ్రాసి, ఆ కట్టతోనే ఉంచవలెను. వాని చోటు పాఠపరిష్కరణ జరుగునప్పుడు తేలును.