హోటలు భోజనానికి ఎంత ఇవ్వవచ్చు?

పూర్వం మన పెద్దలు ఊరు బయలుదేరితే పులిహోర, పెరుగన్నం మూట కట్టుకొనేవారు. పూటకూళ్ళ యింట తినవలసివస్తే అదొక యిబ్బందిగానే భావించేవారు. ఆ కాలం వెళ్ళిపోయింది. యింట్లో పొయ్యి వెలగని ఆదివారాలు నెలకెన్నో మనలో ఎవరికి వారే లెక్క చెప్పుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. ఆరు రోజులు వంటింట్లో నిలబడిన యిల్లాలికి ఏడవనాడు ఒక పూట విశ్రాంతి దొరకడం న్యాయమే. కాని యిచ్చిన డబ్బుకు తగిన తిండి దొరుకుతున్నదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెదకబోయి మేము మా తప్పునే తెలుసుకోవలసివచ్చింది. ఆ సంగతే ఇక్కడ వ్రాస్తున్నాము.

మా తిరువొత్తియూరులో ఈ ప్రశ్న పౌర్ణమి శుక్రవారాలలో బాగా ఎదురవుతుంది. ఆనాడు ఉదయం మేలూరు తిరువుడైయమ్మన్‌ను, మధ్యాహ్నం మా వడివుడైయమ్మన్‌ను, సాయంకాలం తిరుముల్లైవాయిల్ కొడియిడైయమ్మన్‌ను దర్శించుకోవడం ఆచారం. మధ్యాహ్నపు అమ్మవారు మా ఊరివారు కావడంతో, సరిగ్గా భోజనాల వేళకు జనమంతా మా వీధులలో వుంటారు. త్యాగయ్యగారు త్రిపురసుందరిగా కీర్తించిన తల్లి గనుక మన తెలుగువారు కూడా దూరాలనుంచి వస్తారు. 2021లో మెట్రో రైలు విమ్కో నగర్ వరకు వచ్చాక రాక మరింత సులువైంది. దర్శనం కాగానే అందరూ అడిగే మాట ఒక్కటే: “ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?”

బిల్లు కథ

అలాంటి ఒక శుక్రవారం నెల్లూరినుంచి మా అత్తయ్యా, బావగారూ, వారి అమ్మాయీ వచ్చారు. చుట్టాలు కదా అని చల్లని గదులున్న పెద్ద హోటలుకు తీసుకువెళ్ళాము. స్టీలు పళ్ళెం చుట్టూ పదకొండు గిన్నెలు పేర్చి తెచ్చారు. చూడ ముచ్చటగానే వున్నది. సాంబారు చిక్కగా కనిపించింది గాని నోట్లో పెట్టుకొంటే పప్పు రుచి లేదు. బియ్యప్పిండి కలిపిన చిక్కదనం అది. కూరలు రెండూ ఒకే నూనె వాసన. అన్నం చల్లారి బిరుసెక్కింది. అత్తయ్య రెండు ముద్దలు తిని, “మజ్జిగ పోయించు నాయనా, చాలు” అన్నది.

ఐదు భోజనాలకు, భోజనం 230 చొప్పున, 1150 రూపాయలు. దానిమీద సర్వీసు ఛార్జి పేరున 115. ఆ రెండింటిమీద 5 శాతం జి.ఎస్.టి. మొత్తం 1328 రూపాయల చిల్లర. బావగారి ముందు బిల్లు గురించి మాట్లాడడం మర్యాద కాదనుకొని కిక్కురుమనకుండా యిచ్చి వచ్చాము.

మరునాడు మధ్యాహ్నం వారిని మేము అప్పుడప్పుడు వెళ్ళే మెస్సుకు తీసుకువెళ్ళాము. ఒక సందులో, యింటి ముందరి గదిలో ఆరు బల్లలు. నడిపేది మన తెలుగు ఆవిడే. అందరూ పెద్దమ్మ అంటారు. అరిటాకు, పొగలు కక్కే అన్నం, కందిపొడి, ముద్దపప్పు, గోంగూర, చారు, ఒక వేపుడు, గట్టి పెరుగు. భోజనం 100 రూపాయలు. అత్తయ్య మారు వడ్డించుకొని తిన్నది. “నిన్న యిక్కడికే తేవలసింది కదరా!” అన్నది.

డబ్బు యిస్తూ మేము పెద్దమ్మను మెచ్చుకొన్నాము. ఆవిడ నవ్వలేదు. “మీరు బాగుందంటారు బాబూ. కిందటేడు తొంభై నుంచి నూరు చేసినప్పుడు మీరే కదా, ‘పెద్దమ్మా, నువ్వు కూడా పెంచేశావా’ అన్నారు? నెల రోజులు రాలేదు కూడా. ఇప్పుడు మళ్ళీ పది పెంచకపోతే గడవదు. పెంచితే జనం రారు. నూనె మార్చుకోమని ఒకరు, కందిపప్పులో సగం వేరే పప్పు కలపమని ఒకరు సలహా యిస్తున్నారు. అలా చేసి వడ్డించడం కంటె తలుపు మూసుకోవడం మేలు” అన్నది.

మాకు తల కొట్టేసినట్లయింది. పది రూపాయలకు ఆవిడమీద నిష్ఠూరమాడినవారము. ముందురోజు సర్వీసు ఛార్జి 115 నోరెత్తకుండా యిచ్చివచ్చినవారము!

చవక ఎక్కడినుంచి వస్తుంది?

ఆవిడ లెక్క అబద్ధం కాదు. మన యింటి గ్యాసు సిలిండరు 14.2 కిలోలది, హోటలువారిది 19 కిలోలది. ఇంటి గ్యాసుమీద జి.ఎస్.టి. 5 శాతమైతే హోటలు గ్యాసుమీద 18 శాతం. వారికి సబ్సిడీ లేదు. పప్పు, నూనె, అద్దె, గిన్నెలు తోమే మనిషి జీతం ఆపైన. పెద్ద హోటలుకు వీటితోబాటు ఏ.సి., అలంకారం, వీధిమొగ అద్దె. మనం యిచ్చే 230లో విస్తట్లోకి వచ్చేది కొంతే. చల్లగా కూర్చొని మాట్లాడుకోవడానికి ఆ డబ్బు యిస్తే తప్పు లేదు. రుచికి యిస్తున్నామనుకొంటేనే పొరపాటు.

“మరి అయిదు రూపాయలకు భోజనం పెట్టేవారు లేరా?” అనవచ్చు. వున్నారు. 2013లో చెన్నైలో అమ్మ ఉణవగాలు తెరిచినప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు రూపాయలు. ఆంధ్రదేశంలో అన్న క్యాంటీన్లు 2018లో అయిదు రూపాయల భోజనంతో మొదలై, 2019లో మూతబడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకొన్నవి. పేదవాని ఆకలి తీర్చే గొప్ప పనులివి. కాని అక్కడ మిగిలిన ఖర్చు ప్రభుత్వమో, కార్పొరేషనో, దాతలో భరిస్తున్నారు. పెద్దమ్మకు అలా భరించేవారు ఎవరూ లేరు. ఆవిడ దగ్గర చవక కావాలంటే అది పప్పులోనుంచో నూనెలోనుంచో రావలసిందే.

ఈ ముచ్చట పెద్ద హోటళ్ళకూ తప్పలేదు. బెంగుళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్ 1924లో మొదలైంది. దాని స్థాపకులలో ఒకరైన యజ్ఞనారాయణ మయ్యగారు 1951లో యూరపు వెళ్ళి, అక్కడి హోటళ్ళ శుభ్రత చూచి వచ్చి, తమ వంటశాలలోనూ అదే పద్ధతి నెలకొల్పారు. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చి హోటలు ధరలను ప్రభుత్వం బాగా తగ్గించి కట్టడి చేసినప్పుడు, వారు సరుకు తగ్గించడానికి ఒప్పుకోక నష్టానికి అమ్మి, చివరకు హోటలును కొన్నేళ్ళు మూసివేశారు. పొడులు, పిండ్లు పొట్లాలు కట్టి అమ్మి పనివారిని నిలబెట్టుకొన్నారు. వారికి ఆ దారి దొరికింది. సందులోని పెద్దమ్మకు ఏ దారి వున్నది?

ఆవిడ తలుపు మూస్తే మనకేమి పోయిందనవచ్చు. 1950లలో ఎన్‌ఫీల్డు కర్మాగారం మా ఊరికి వచ్చిన కాలంనుంచి యిది పనివారి ఊరు. ఆవిడ బల్లల దగ్గర కూర్చునేవారు కంటైనరు లారీలు తోలేవారు, సంసారాలు ఊళ్ళో వదలి వచ్చిన కుర్రవాళ్ళు, పిల్లలు విదేశాలలో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన మన సంఘపు పెద్దలు. మనకు హోటలు భోజనం సరదా. వారికి రోజూ అదే కూడు.

ఏమి చూచుకోవాలి?

అందుచేత ధర కంటె ముందు చూడవలసినవి కొన్ని వున్నవి. సాంబారును ఒక నిమిషం గిన్నెలో కదపకుండా వుంచండి. పప్పు వుంటే అడుగున చేరుతుంది. వేపుళ్ళ నూనె నల్లగా, జిగటగా వుండి పొగ వాసన వేస్తే అది మళ్ళీ మళ్ళీ కాచిన నూనె. కాచగా కాచగా నూనెలో పేరుకొనే చెడు పదార్థాలు 25 శాతం మించితే దానిని వాడరాదని 2018నుంచి నిబంధన వున్నది. కాఫీపొడి పొట్లంలో చికోరీ 49 శాతం వరకు వుండవచ్చు. అది పొట్లంమీద వ్రాయాలి. వాసన లేని నల్లదనం కనిపిస్తే చికోరీ వాటా ఎక్కువేమోనని అనుమానించవచ్చు.

గోడమీద ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల నంబరు వున్నదేమో చూడండి. బిల్లులో సర్వీసు ఛార్జి తమంతట తామే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించింది. ఆ రుసుము తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. మేము ఆనాడు అడగకపోవడం మా బుద్ధితక్కువ. ఏటా కోటిన్నర లోపు వ్యాపారం చేస్తూ కాంపొజిషన్ పద్ధతి ఎంచుకొన్న హోటళ్ళు గిరాకీల దగ్గర జి.ఎస్.టి. వసూలు చేయరాదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకొక మాట. ‘ముళు శాప్పాడు’ ధరలో నాలుగుసార్లు అన్నం పెట్టించుకొనేవాని వాటా కూడా కలిసివుంటుంది. పెద్దవాళ్ళకూ, చిన్నపిల్లలకూ ‘అళవు శాప్పాడు’ చాలు. డబ్బు మిగులుతుంది, అన్నం పారవేసిన పాపమూ వుండదు.

అడగవలసినచోట అడుగుదాము, యివ్వవలసినచోట యిద్దాము. ఇంతకాలం మనం దీనిని తిరగవేసి చేస్తున్నాము. పెద్ద హోటలులో బిల్లు చదవడానికి సిగ్గు, చిన్న మెస్సులో పది రూపాయలకు బేరం.

పోయిన నెల పెద్దమ్మ పలకమీద 100 కొట్టివేసి 110 వ్రాసింది. మేము మాట్లాడకుండా కూర్చున్నాము. పప్పు ఎప్పటి పప్పే. పక్క బల్లమీద ఒకాయన, “పెంచేశావే పెద్దమ్మా!” అన్నాడు. ఈసారి మేమే కలుగజేసుకొని, “పప్పు రుచి చూచి మాట్లాడండి అన్నగారూ” అన్నాము. ఆయన ముద్ద కలుపుకొని తిన్నాడు. తరువాత ఏమీ అనలేదు. మారు అన్నం మాత్రం అడిగాడు.