కథ ఎవరి కన్నులతోఁ జూడవలెను?

ఇతివృత్తమును, పాత్రలను నిర్ణయించుకొనినంతనే కథ సిద్ధమైనదని తలంచువారు పెక్కండ్రు గలరు గాని, దానిని ఎవరి కన్నులతోఁ జూపవలెననునది అంతకు ముందే తేలవలసిన విషయము. తమిళ, కన్నడ సీమల పొరుగున నున్న రామకుప్పపు రైతు బ్రదుకును, సర్వజ్ఞుఁడైన కథకుఁడు ప్రథమపురుషలో వర్ణించినచో ఊరంతయుఁ గనఁబడును. ఆ రైతు కుమారుఁడే ఉత్తమపురుషలోఁ జెప్పినచో ఒక్క యిల్లే కనఁబడును, అయినను ఆ యింటి ఆఁకలి మనకుఁ దెలియును.

చిత్తూరు జిల్లాకుఁ జెందిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ కథలలో ఈ రెండవ మార్గమునే త్రొక్కి, పల్లె పలుకుబడిని కథకుని నోటనే యుంచెను. ఆ కథలు చెప్పు బాలుఁడు చూచినదానిని చూచినట్లు చెప్పును. దాని వెనుకనున్న పెద్దల కష్టమును పాఠకుఁడు గ్రహించును. ఆ రెంటి నడిమి యెడమే కరుణమునకు ఆకరము. వ్యాఖ్యానించు కథకుఁడు అచ్చట ప్రవేశించినచో అంతయు చెడియుండెడిదని నా నిశ్చయము.

అయితే ఉత్తమపురుషకు గోడ యవతలి మాట వినఁబడదు. అందుచేతనే కాఁబోలు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలలో ప్రథమపురుషను విడువకయే కథానాయకుఁడైన దయానిధి మనస్సును ఆశ్రయించెను.

క్రొత్తగా కలము పట్టువారు ఒకే సన్నివేశమును రెండు విధముల వ్రాసి, బిగ్గరగాఁ జదివి, పిదపనే నిర్ణయింపవలెను.