తగ్గించిన బరువును నిలుపుకొనుట

ఒంటి బరువును గూర్చి సహకార సంఘపు పత్రికలో వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఎఱువులు, విత్తనములు, అప్పుల వాయిదాలు మన పుటలకు అలవాటైన సంగతులు. కాని గడచిన రెండు మూడేండ్లుగా నేను ప్రదర్శన క్షేత్రములకు పోయిన చోటులనెల్ల రైతులు పైరును గూర్చి అడిగినంతగా మోకాళ్ల నొప్పిని గూర్చియు, చక్కెర వ్యాధిని గూర్చియు అడుగుచున్నారు. జమ్మలమడుగు వైపున ఒక రైతునకు చెనగ మోడు కాలి బొటనవ్రేలిలో గ్రుచ్చుకొనెను. చక్కెర వ్యాధిచే స్పర్శ తగ్గియుండుటవలన నాలుగు దినములవరకు ఆయన దానిని ఎఱుగనే లేదు. పుండు ముదిరి వ్రేలు తీసివేయవలసి వచ్చెను. ఆ యేడు చేను కౌలుకు పోయెను. ఆయనకు 51 ఏండ్లు. కావున ఈ విషయము సేద్యమునకు వెలుపలిదని నేననుకొనను.

మన పెద్దల తరమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి నేలలలో జొన్న కోతకును, చెనగ పెఱుకుటకును ఇంటిల్లిపాదియు వంగి పనిచేసెడివారు. నేడు చెనగను యంత్రమే కోసి, నూర్చి, గింజను ట్రాక్టరులో పోయుచున్నది. రైతు గట్టున నిలిచి చూచుచున్నాడు. పులివెందుల వైపు చీనీ తోటలకును అరటి తోటలకును బిందు సేద్యము వచ్చినది. పాదులకు నీరు కట్టుటకు పార పట్టవలసిన పని లేదు. బోరు మోటారును ఇంట మంచముపై కూర్చుండి ఫోనుతోనే ఆడించువారు పెక్కండ్రు కలరు. ఇవి మంచి మార్పులే; నడుము విఱుగు చాకిరి పోయినందులకు నేను చింతింపను. అయితే ఆ చాకిరికి సరిపోవుచుండిన అన్నము మాత్రము పళ్లెములో తగ్గక అట్లే నిలిచిపోయినది.

అన్నము స్వభావము కూడ మారినది. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట సంగటియు, జొన్నరొట్టెయు వెనుకకు జరిగి, మూడు పూటల వరియన్నము బీదసాదలకును అందుబాటైనది. కరవు సీమలో ఆ బియ్యము ఎందఱి కడుపు నింపెనో తెలిసినవాడనగుటచే దానిని నిందింపజాలను. టీ సంగతి వేఱు. రెండు చెంచాల చక్కెరలో సుమారు 40 కెలోరీలు కలవు. దినమునకు ఎనిమిది టీలు త్రాగువాడు, పాలను లెక్కింపకున్నను, 320 కెలోరీలు త్రాగుచున్నాడు. గంటసేపు నడచినవానికి ఖర్చగునది 250 ప్రాంతము. నూనె ఇంతకంటె గడుసుది. ఒక పెద్ద చెంచాడు నూనెలో 120 కెలోరీలు దాగియున్నవి. వేరుసెనగ నూనెకు పేరుపడిన ప్రొద్దుటూరిలో కారపు దోసెను పొదుపుగా కాల్చుమని చెప్పుటకు నాకును నోరు రాదు.

ఎవనికి ఎంత బరువు ఎక్కువ? దీనికి ఒక లెక్క కలదు. ఎత్తును మీటర్లలో వ్రాసి, ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, వచ్చిన దానిని 23 తో హెచ్చవేయవలెను. 165 సెంటీమీటర్ల ఎత్తుగలవానికి ఇది 62న్నర కిలోలు, ఇంతవరకు మేర. 25 తో హెచ్చవేసినచో 68 కిలోలు. అది దాటినది స్థూలకాయమని మన దేశపు వైద్యులు లెక్కింతురు. ఐరోపా వారికి ఈ మేరలు 25, 30. మనవారికి తక్కువ బరువునందే చక్కెర వ్యాధి పట్టుకొనుచున్నందున మనకు మేర దింపిరి. నడుము కొలత ఇంకను సులభము: క్రింది ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడిమి చోట టేపు చుట్టినప్పుడు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ప్యాంటు తొడుగువానికి నడుము పెరిగిన సంగతి గుండీయే చెప్పును. పంచె కట్టువానికి చెప్పువారు లేరు. అది ఎంత నడుమునకైనను సరిపోవును.

నా సంగతి చెప్పెదను. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. 43వ యేట నా బరువు 84 కిలోలు, నడుము 101. నాది మోటారు సైకిలుపై ఊరూర తిరుగు ఉద్యోగము. పోయిన ప్రతి యింటను టీ యిత్తురు, కాదనినచో చిన్నబుచ్చుకొందురు. పదునాఱు నెలలలో 71 కిలోలకు వచ్చితిని. ఇది జరిగి రెండేండ్లు దాటినది. రెండు కిలోలు ఇటునటు అగుచున్నను అక్కడనే నిలిచియున్నాను. చేసిన పనులలో విశేషమేమియు లేదు. పగటి అన్నమును ఒక గిన్నెతో కొలిచి తింటిని. పప్పును, ఆకుకూరను అన్నముకంటె ఎక్కువ వేసికొంటిని. రాత్రికి రెండు జొన్నరొట్టెలు. ఇంటికి నెలకు ఇంత నూనె యని సీసాపై గుర్తు పెట్టుకొంటిమి. టీలు రెండు, చక్కెర లేనివి. చక్కెర వలదనినచో ఎవరును చిన్నబుచ్చుకొనరనియు, పైగా “సారుకు షుగరేమో” యని జాలిపడుదురనియు అప్పుడు తెలిసినది. ఉదయము ముప్పావుగంట నడక.

మొదటి రెండు నెలలలో నాలుగు కిలోలు పోయినవి. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. ఏడవ నెలనుండి పదవ నెలవరకు కాటా ముల్లు కదలలేదు, మెచ్చుకొనువారును లేకపోయిరి. పెక్కుమంది విడిచిపెట్టునది ఇచ్చటనే. ఇది మన లోపము కాదు, దేహధర్మము. బరువు తగ్గిన దేహమునకు తిరుగుటకు గాని నిలుచుటకు గాని మునుపటంత తిండి అక్కఱలేదు. అదిగాక, కరవు వచ్చినదని తలచి దేహము తన ఖర్చులను తానే తగ్గించుకొనును. మొదట తగ్గించిన తిండియే యిప్పుడు సరిపడు తిండి యగును. అప్పుడు నడకను పావుగంట పెంచితిని, రాత్రి రెండవ రొట్టెను సగము చేసితిని. పదునొకండవ నెలలో ముల్లు మరల కదలెను.

ఉత్సాహమును నమ్ముకొని మొదలిడువాడు వానను నమ్ముకొని అప్పు చేసినవానివంటివాడు. వచ్చినచో మంచిదే, రానినాటికి బావి యొకటి ఉండవలెను. ఆ బావి యేదియో చెప్పుటకు ముందు, త్రోవలో తగులు రెండు గుంటలను గూర్చి చెప్పవలసియున్నది.

మొదటిది పస్తు. నెల దినములలో పది కిలోలు దింపెదమనువారును, డబ్బాలలో పొడులు అమ్మువారును ఇప్పుడు చిన్న ఊళ్లకును వచ్చుచున్నారు. 1944–45 లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధమువలన ఆకలిపాలైన ప్రజలకు తిరిగి తిండి ఎట్లు పెట్టవలెనో తెలిసికొనుటకై, 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆఱు నెలలపాటు ఇంచుమించు సగము తిండియే పెట్టి చూచెను. వారు ఇష్టపడి వచ్చినవారే. బరువులో నాలుగవ వంతు పోయెను. కాని తిండిని గూర్చిన ధ్యాస తప్ప వారికి వేఱొక ధ్యాస లేకపోయెను. కొందఱు వంట పుస్తకములను కూర్చుకొనసాగిరి. పరీక్ష ముగిసి కడుపునిండ పెట్టినను చాలకాలము వారి ఆకలి తీరలేదు. పస్తుండి తగ్గిన బరువు తిరిగి వచ్చుటకు మూలము ఈ ఆకలియే. కడుపు మాడ్చుకొనిన మనిషిని చేతగానివాడని తిట్టుటలో న్యాయము లేదు.

రెండవ గుంట, ధాన్యము మార్చినంతనే బరువు కరగునను నమ్మకము. ప్రొద్దుటూరులో జన్మించి, మైసూరులో స్థిరపడి, 2023 లో పద్మశ్రీ పొందిన డాక్టరు ఖాదర్ వలి కొఱ్ఱ, అరిక, సామ, ఊద, అండుకొఱ్ఱలను ఇంటింటి మాటగా చేసిరి. మనము మఱచిన పంటను మన ఊరివాడే తిరిగి గుర్తుచేయుట నాకు మిక్కిలి సంతోషము. అయినను వానిని ఔషధములుగా గాక ఆహారముగానే చూచుట నాకిష్టము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలలో 100 గ్రాముల కొఱ్ఱలకు 331 కెలోరీలు, 12.3 గ్రాముల మాంసకృత్తులు, 8 గ్రాముల పీచు కనబడును. తెల్ల బియ్యమునకు 345 కెలోరీలు, 6.8 గ్రాముల మాంసకృత్తులు, పీచు నామమాత్రము. కెలోరీలలో భేదము స్వల్పమని చూచితిరి గదా! బియ్యపు అన్నమంత కుప్ప కొఱ్ఱన్నమును పెట్టుకొనినవానికి బరువు తగ్గదు. లాభమేమనగా, పీచును మాంసకృత్తులును కలిగినందున తక్కువతోనే కడుపు నిండినట్లుండి, మరుపూటవరకు ఆకలి ఓర్చుకొనవచ్చును. మిల్లులో పైపొర నున్నగా తీయించినచో ఈ లాభమును పోవును. మెట్టచేను గలవారు ఇంటి వాడుకకై కొఱ్ఱను కొంత వేసికొనుట మేలు. నంద్యాల పరిశోధన స్థానమువారి సూర్యనంది రకము 70–75 దినములలో కోతకు వచ్చును.

ఇక బావి మాట. పెన్న ఒడ్డున నేను తఱచు పోవు ఒక గ్రామములో అయిదుగురు సభ్యులు కూడి, ఎఱువుల గోదాములోని కాటాపై నెలకొకసారి తూగుటకు నిశ్చయించుకొనిరి. (ఆ గోదాములో అదివరకు బరువు తగ్గినది యూరియా మూట యొక్కటే, 2018 లో 50 కిలోలనుండి 45 కిలోలకు దిగినది.) బరువును నడుము కొలతను ఒక పద్దు పుస్తకములో వ్రాయుదురు. నవ్వరాదు, ఒకరి అంకెను వేఱొకరు ఊరిలో చెప్పరాదు. రానివాని యింటికి ఇద్దఱు పోవలెను. ఈ కడపటి నియమము అప్పు వసూలునుండి నేర్చినదే; హామీదారులు ఇద్దఱు గడపలో నిలిచినచో ఎంతటివాడైనను బయటికి వచ్చును. స్త్రీలు మొదట రాలేదు. వారికి వేఱు వేళయు, పద్దు వ్రాయుటకు ఒక అక్కయు ఏర్పడిన పిమ్మట పురుషులకంటె క్రమముగా వచ్చుచున్నారు.

అందులో అఱువదేండ్ల పెద్దాయన యొకడు నాతో వాదించెను: “ఏం సారూ, పొద్దంతా చేన్లోనే ఉంటిని గదా, మల్లా నడిచేదేంది?” మనుమని ఫోను జేబులో వేసికొని ఒక దినము అడుగులు లెక్కింపుడని చెప్పితిని. మూడు వేలు కూడ కాలేదు. చేనికి పోవుట మోటారు సైకిలుపై, చేనిలో నిలుచుట వేపచెట్టు నీడలో. మరునాటినుండి ఆయన బండిని ఊరి మొగదలనే నిలిపి నడచిపోవుచున్నాడు. ఇప్పటికి ఆయనకు ఆఱు కిలోలు తగ్గినవి. మెట్లు దిగునప్పుడు గోడ పట్టుకొనుట మానినాడు. మఱియొకడు మూడు నెలలు వచ్చి విడిచిపెట్టెను. గడపకు పోయినను రాలేదు. ఒకరికి తగ్గినదంతయు మరల వచ్చెను, అయినను తూకమునకు వచ్చుట మాత్రము మానలేదు. ఆయనపై నాకు గౌరవము ఎక్కువ.

ఇతరులు గుర్తుచేయుటలో ఇంత బలము కలదనుటకు వైద్యుల పరీక్షయు తోడ్పడుచున్నది. చెన్నపట్టణపు వైద్యుడు డాక్టరు రామచంద్రన్ మున్నగువారు దక్షిణ దేశమున చక్కెర వ్యాధి అంచున నున్న 537 మంది పురుషులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారికి రెండేండ్లపాటు ఫోనులో చిన్న సందేశములు పంపిరి: నడచితివా, ఏమి తింటివి అను తీరున. 2013 లో వెలువడిన ఫలితము ప్రకారము సందేశములు లేనివారిలో నూటికి 27 మందికి వ్యాధి రాగా, సందేశములు పోయినవారిలో 18 మందికే వచ్చెను. అమెరికాలో 2002 నాటి పెద్ద పరీక్షలో బరువులో నూటికి 7 వంతులు తగ్గుటయు, వారమునకు 150 నిమిషముల నడకయు లక్ష్యములుగా పెట్టగా వ్యాధి సగముకంటె ఎక్కువ తగ్గెను. 80 కిలోలవానికి 7 వంతులనగా 5న్నర కిలోలు. ఇరువది కిలోలు తగ్గవలెనని బెదరి కూర్చున్నవారు ఈ అంకెను గుర్తుంచుకొందురు గాక.

పండుగలను గూర్చి తప్పక అడుగుదురు. ఉగాదికి బక్షాలు, రంజానుకు సేమ్యాలు, ప్రొద్దుటూరు దసరాకు చుట్టాలు. మా గుంపులో పండుగనాటి తిండికి పద్దు లేదు. పద్దు మరునాటిది. మిగిలిన బక్షాలను మూడు దినములు దాచి తినుటవలననే బరువు పెరుగుచున్నదని పుస్తకము చూచి కనుగొంటిమి. ఇప్పుడు మిగిలినవానిని ఆ రాత్రియే పంచిపెట్టుచున్నారు.

చక్కెర వ్యాధికి మాత్రలు గాని సూది మందు గాని వాడువారు వైద్యునికి చెప్పకుండ తిండి తగ్గింపరాదు. మందు అంతే యుండి తిండి తగ్గినచో రక్తమున చక్కెర పడిపోయి చేనిలో ఒంటరిగా సొమ్మసిల్లుదురు. పాదములకు స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో నడువరాదు. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లను దీపపు వెలుగున చూచుకొనవలెను. చూపు ఆననివారికి మనుమలు చూచి చెప్పవలెను.

ఇతర గ్రామములవారు ఇట్టి తూకమును మొదలిడదలచినచో క్రొత్త కాటా కొననక్కఱలేదు. మూటలు తూచు కాటాయే చాలును. ముందుగా ఒక తెలిసిన బరువును పెట్టి సరిచూచుకొనవలెను. తెల్లవారుజామున, ఏమియు తినకముందు, చెప్పులు విడిచి, జేబులోని ఫోనును తాళపు గుత్తిని తీసి ప్రక్కన పెట్టి ఎక్కవలెను.