చక్రాల ఇంటికి రెండో ఎ.సి.

కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇంటిని మీరెప్పుడైనా చూశారా? అమెరికా, కెనడా దేశాల్లో ఇలాంటి ఇళ్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటిని ట్రావెల్ ట్రెయిలర్లు అంటారు. పడకలు, వంటగది, స్నానాలగది, ఫ్రిజ్, టి.వి. అన్నీ అందులోనే. సెలవులు రాగానే కుటుంబమంతా బయల్దేరి ఏ అడవి పక్కనో, చెరువు గట్టునో ఉన్న విడిది మైదానానికి చేరుకుంటారు. అక్కడ పాతి ఉన్న కరెంటు పెట్టెకు ఒక లావుపాటి కేబులు తగిలిస్తారు. అంతే, ఇల్లు సిద్ధం!

అయితే ఈ ఇంటి గోడలు పలచన. ఎండ వేడి తొందరగా లోపలికి దిగుతుంది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో 2023వ సంవత్సరం జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. అలాంటిచోట పొడుగాటి ట్రెయిలరుకు కప్పు మీద ఒక్క ఎ.సి. చాలదు. ముందు గది చల్లబడుతుంది, వెనక పడకగది కుంపటిలాగే ఉంటుంది. ఆ గదిలో పడుకునేది పసిపిల్లలో ముసలివాళ్లో అయితే అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

"ఇంకో ఎ.సి. పెట్టిస్తే పోలా?" అని మీరు అనవచ్చు. చాలా ట్రెయిలర్ల కప్పు మీద గాలి కోసం 14 అంగుళాల చదరపు కన్నం ఉంటుంది. రెండో ఎ.సి. అందులో చక్కగా అమరుతుంది. చిక్కల్లా కన్నంలో లేదు, తీగలో ఉంది. అదేమిటో చూద్దాం.

ముప్పై ఆంపియర్ల లెక్క

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అక్కడ మామూలు సాకెట్టులో వచ్చేది 120 వోల్టులే. చాలా ట్రెయిలర్ల కేబులు 30 ఆంపియర్లకు తయారైనది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీకు తెలుసు. 120ని 30తో గుణిస్తే 3,600 వాట్లు. ఆ ఇంటి మొత్తం ఆస్తి అదే! మన దేశంలో అంతే సామర్థ్యానికి 16 ఆంపియర్లు కూడా అక్కర్లేదు. వోల్టులు సగమైతే ఆంపియర్లు రెట్టింపు కావాలి కదా.

కప్పు మీద పెట్టే ఎ.సి. ఒకటి నడిచేటప్పుడు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఎ.సి.లకు 26. "30కి ఇంకా 4 మిగిలాయి" అని సంబరపడకండి. నీళ్లు కాచే 1,440 వాట్ల హీటరుకు 12 ఆంపియర్లు కావాలి. మొత్తం 38! పైగా అమెరికా విద్యుత్ నిబంధనల ప్రకారం మూడు గంటలకు మించి ఏకధాటిగా నడిచే భారాన్ని లెక్కలో నాలుగోవంతు పెంచి చూడాలి. అంటే 30 ఆంపియర్ల తీగ మీద అలాంటి భారం 24 ఆంపియర్లకు మించకూడదు. ఎండాకాలంలో ఎ.సి.లు నడిచేది మూడు గంటలా, రోజంతానా? మీరే చెప్పండి.

మరో సంగతి. కంప్రెసరు మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకు నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది. ఆగి ఉన్న ఎడ్లబండిని కదిలించడానికి ఎడ్లు ఎంత బలంగా గుంజాలో, కదిలాక ఎంత తేలికగా లాగుతాయో గుర్తు తెచ్చుకోండి. రెండు కంప్రెసర్లు ఒకేసారి మొదలైతే?

తీగ ఎందుకు వేడెక్కుతుంది?

కరెంటు పారే తీగలో వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ 1840 ప్రాంతంలో ప్రయోగాలు చేసి తేల్చాడు. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు!

ఒక ఉదాహరణ తీసుకుందాం. విడిది మైదానంలో ఒకే సాకెట్టులో ఎందరో వచ్చి ప్లగ్గు పెడతారు, తీస్తారు. కొన్నాళ్లకు లోపలి రేకులు వదులై నల్లబడతాయి. ఆ అతుకు దగ్గర నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం. ఒక్క ఎ.సి. నడిస్తే, 13 వర్గాన్ని 0.1తో గుణిస్తే 17 వాట్ల వేడి. రెండూ నడిస్తే, 26 వర్గాన్ని 0.1తో గుణిస్తే 68 వాట్లు! రేడియో బాగుచేసే అతను సీసం కరిగించే సోల్డరింగ్ ఇనుము కూడా ఇంచుమించు ఇంతే. అంత వేడి పిడికిలంత ప్లాస్టిక్ ప్లగ్గులో గంటల తరబడి పుడుతూ ఉంటే అది కరగకుండా ఉంటుందా?

ఇలాంటి ప్రమాదాలను ఆపడానికే సర్క్యూట్ బ్రేకరు ఉంది. అందులో రెండు వేర్వేరు లోహాలను అతికించిన పట్టీ ఉంటుంది. భారం మించితే పట్టీ వేడెక్కుతుంది. ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచిస్తాయి కనుక పట్టీ వంగి కరెంటును తెంచేస్తుంది. పట్టీ వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. అందుకే మోటారు మొదలయ్యే క్షణంలో వచ్చే పోటుకు అది తొందరపడదు. షార్ట్ సర్క్యూట్ అయితే మాత్రం లోపలి విద్యుదయస్కాంతం రెప్పపాటులో పని చేస్తుంది.

బ్రేకరు మాటిమాటికీ పడిపోతుంటే కొందరు దాన్ని తీసేసి పెద్దది పెడతారు. మన ఊళ్లలో ఫ్యూజు ఎగిరిపోతోందని లావుపాటి రాగితీగ చుట్టేస్తారు చూడండి, అదీ ఇదీ ఒకటే. కావలివాడు అరుస్తున్నాడని వాడి నోరు కట్టేయడమన్న మాట! బ్రేకరు కాపాడేది ఎ.సి.ని కాదు, గోడలో దాగిన తీగను. అందువల్ల తీగ మందాన్ని బట్టే బ్రేకరు ఉండాలి. అమెరికా కొలతల్లో 20 ఆంపియర్లకు 12వ నంబరు రాగితీగ, 30కి 10వ నంబరు, 50కి 6వ నంబరు వాడతారు. నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. ఇది గుర్తుంచుకోండి.

యాభై ఆంపియర్ల చమత్కారం

పెద్ద ట్రెయిలర్లకు 50 ఆంపియర్ల కేబులు ఉంటుంది. దాని సామర్థ్యం 12,000 వాట్లు. ఇక్కడ మీకు అనుమానం రావాలి. 30 నుంచి 50కి పెరిగితే రెట్టింపు కూడా కాలేదే, సామర్థ్యం మూడు రెట్లు ఎలా దాటింది?

రహస్యం ప్లగ్గులో ఉంది. 30 ఆంపియర్ల ప్లగ్గుకు మూడు కాళ్లు: ఫేజు, న్యూట్రల్, ఎర్తు. 50 ఆంపియర్ల ప్లగ్గుకు నాలుగు కాళ్లు. వాటిలో రెండు ఫేజులు! ఒక్కొక్క ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు. ఒకటి ధనం వైపు ఉన్నప్పుడు రెండోది రుణం వైపు ఉంటుంది కనుక రెండు ఫేజుల మధ్య 240 వోల్టులు. ఒక్కొక్క ఫేజు మీద 50 ఆంపియర్ల చొప్పున 6,000 వాట్లు, రెండు కలిసి 12,000.

ఒక ఎ.సి.ని ఒక ఫేజుకు, రెండోదాన్ని రెండో ఫేజుకు కలిపితే ఇంకో లాభం ఉంది. న్యూట్రల్‌లో రెండు ప్రవాహాలూ ఎదురెదురుగా వచ్చి రద్దవుతాయి. త్రాసులో రెండు పళ్లేలూ సమానంగా ఉంటే ముల్లు కదలదు కదా, అలాగన్న మాట. కేబులులోని న్యూట్రల్ మోసేది రెండు భారాల తేడానే. ఈ మూడు తీగల పద్ధతితో ఎడిసన్ 1883లో పెన్సిల్వేనియాలోని సన్‌బరీ పట్టణంలో విద్యుత్ కేంద్రం నడిపాడు. రాగి ఖర్చు బాగా తగ్గించుకోవడమే ఆయన ఉద్దేశం.

కాని ఆ న్యూట్రల్ తెగిందో, కొంప మునిగినట్లే. ఒక వైపు 10 ఓమ్‌ల హీటరు, మరో వైపు 90 ఓమ్‌ల టి.వి. ఉన్నాయనుకోండి. న్యూట్రల్ తెగితే రెండూ 240 వోల్టుల మీద శ్రేణిలో పడతాయి. కరెంటు 2.4 ఆంపియర్లు. హీటరుకు 24 వోల్టులు, టి.వి.కి 216 వోల్టులు! 120 వోల్టుల టి.వి. గతేమిటి? మన వీధుల్లో న్యూట్రల్ తెగినప్పుడు కొన్ని ఇళ్లలో దీపాలు మసకబారి, మరికొన్ని ఇళ్లలో టి.వి.లు కాలిపోయేది కూడా ఇందువల్లనే.

అయితే ఏం చేస్తారు?

మార్గాలు మూడు. మొదటిది, కేబులు, లోపలి పంపిణీ పెట్టె అన్నీ మార్చి 50 ఆంపియర్ల ఏర్పాటు చేయించుకోవడం. ఖర్చు ఎక్కువైనా ఇదే నికరం. రెండోది, రెండో ఎ.సి.కి పూర్తిగా వేరే కేబులు పెట్టి, మైదానంలోని పెట్టెలో ఉండే 20 ఆంపియర్ల సాకెట్టుకు కలపడం. మూడోది, ఉన్న 30 ఆంపియర్లనే వంతులవారీగా వాడుకోవడం. భారం హద్దు దాటబోతే ఒక ఎ.సి.నో, హీటరునో కాసేపు ఆపే నియంత్రణ పెట్టెలు ఉన్నాయి. మోటారును మెల్లగా కదిలించి మొదటి పోటును తగ్గించే పరికరాలూ ఉన్నాయి.

ఏ మార్గమైనా రెండు నియమాలు తప్పకూడదు. ఒక్కొక్క ఎ.సి.కి దాని ఫేజు, దాని న్యూట్రల్, దాని ఎర్తు విడిగా ఉండాలి. రెండోది, ట్రెయిలరు లోపల న్యూట్రల్‌నూ ఎర్తునూ కలపకూడదు. కలిపితే న్యూట్రల్ ప్రవాహంలో కొంత ఇంటి ఇనుప చట్రం గుండా పారుతుంది. టైర్లు రబ్బరువి కనుక చట్రానికి నేలతో సంబంధం ఉండదు. బయట ఎర్తు, న్యూట్రల్ రెండూ తెగితే ఇల్లంతా 120 వోల్టుల మీద నిలబడుతుంది. తడి నేల మీద వట్టికాళ్లతో నిలబడి తలుపు పట్టుకున్న పిల్లవాడి సంగతి ఆలోచించండి. అందుకే ఈ పని నేర్చిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

మీరు చేసి చూడండి

ఇంటి కరెంటు జోలికి మాత్రం పోకండి. రెండు 1.5 వోల్టుల టార్చి సెల్లులు, ఒకే రకం టార్చి బల్బులు మూడు చాలు. బల్బులు సన్నని తంతువు ఉన్నవి కావాలి, ఎల్.ఇ.డి.లు పనికిరావు. సెల్లులను శ్రేణిలో, రెండు బల్బులను శ్రేణిలో కలపండి. సెల్లుల వరస కొనలను బల్బుల వరస కొనలకు కలపండి. సెల్లుల మధ్య బిందువు నుంచి బల్బుల మధ్య బిందువుకు ఒక తీగ వేయండి. అదే మన న్యూట్రల్. ఇప్పుడు ఆ తీగ తీసేయండి. ఏమైనా మారిందా?

మళ్లీ తీగ పెట్టి, ఒక బల్బుకు సమాంతరంగా మూడో బల్బు కలపండి. ఇప్పుడు మధ్య తీగ తీసి చూడండి. ఏ బల్బు మసకబారింది? ఏది మరింత వెలిగింది? ఎందుకో లెక్క వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.